సిస్టరమ్మ జవాబులు: సేవ అన్నాక జీతం అడగకూడదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నర్సింగ్ గురించే. ఇంటర్ ఫలితాలొచ్చాయి, నీట్ ర్యాంకులొచ్చాయి, ఇళ్లల్లో పంచాయితీలు మొదలయ్యాయి. నేను 1984లో ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, 2020 జూన్‌లో హెడ్ నర్సుగా దిగిపోయాను. చివరి రోజు పీపీఈ కిట్టు విప్పి, చెమటకు తడిసిన బట్టలతోనే రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఇంటికొచ్చాను. కరోనా రోజులు కదా, సన్మానం లేదు, శాలువా లేదు. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి. నీట్‌లో మాత్రం సీటు వచ్చేంత రాలేదు. నాన్న బీఎస్సీ నర్సింగ్‌లో చేరమంటున్నారు. మా మేనత్త ‘నర్సుకి సంబంధాలు రావు, రాత్రిళ్లు ఇంట్లో ఉండరు, ఎవరెవరి మలమూత్రాలో ఎత్తాలి’ అంటోంది. అసలు ఈ ఉద్యోగంలో మంచి ఏముంది మేడమ్? – ఒక విద్యార్థిని, తుని

మీ మేనత్త చెప్పిన మూడింట్లో రెండు నిజమే తల్లీ. నైట్ డ్యూటీలు ఉంటాయి. మలమూత్రాలు ఎత్తాలి, వాంతి మీద పడుతుంది, మొదటి నెల అన్నం సయించదు. నాకైతే ఏడాది దాకా సాంబారు సయించలేదు, ఎందుకో అడగొద్దు. పెళ్లి మాట మాత్రం పాతకాలం లెక్క. ఇప్పుడు గవర్నమెంటు స్టాఫ్ నర్సు అంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తున్నారు. అందులో జీతం చూసి వచ్చేవాళ్లూ ఉంటారు, ఆ జాగ్రత్త వేరే.

మంచి ఏముందన్నావు. నేను ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు, వానాకాలంలో, ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి తెల్లారగట్ల ఎత్తుకొచ్చారు. కింద చాప మీద పడుకుంటే కట్లపాము కరిచింది. కట్లపాము కాటుకి వాపు పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. కడుపు నొప్పంటున్నాడని ఇంట్లో వాము నీళ్లు పట్టారు. మా దగ్గరికి వచ్చేసరికి రెప్పలు వాలిపోయాయి, ఉమ్మి మింగలేకపోతున్నాడు. డాక్టరుగారు విరుగుడు మందు ఎక్కించి, గొంతులోకి ట్యూబు వేశారు. వెంటిలేటర్ మా దగ్గర లేదు. ఉన్నదల్లా ఆంబూ బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి పంపే రబ్బరు సంచి. నిమిషానికి ఇరవై సార్లు, గంటకు పన్నెండు వందలు. డ్యూటీ సిస్టర్లం, ఆయా, పిల్లాడి మేనమామ వంతులు వేసుకుని రెండు పగళ్లు, మూడు రాత్రులు నొక్కాం. బొటనవేలి కింద కండ వాచిపోయి నాకు జడ మా అమ్మ వేసేది.

మూడో రాత్రి నాలుగు గంటలప్పుడు సంచి నా చేతిలో కొంచెం తేలికైనట్టు అనిపించింది. నేను నొక్కబోయే లోపే వాడు లాక్కుంటున్నాడు. కంటికి ఏమీ కనపడలేదు, చేతికి తెలిసింది. డాక్టరుగారి కంటే ముందు, వాళ్లమ్మ కంటే ముందు, ఆ పిల్లాడు బతికాడని లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఒక నిమిషం ఎవరికీ చెప్పలేదు. స్వార్థమే అనుకో.

వారం తర్వాత డిశ్చార్జి అయి వెళ్తూ, గేటు దాకా వెళ్లిన నాయనమ్మ మళ్లీ వెనక్కొచ్చింది. దణ్ణం పెడుతుందేమో, ఏమనాలో అని నేను సిగ్గుపడుతున్నాను. “అమ్మా, మా సత్తు చెంబు కనపట్టం లేదు, మీ ఆయా తీసిందేమో అడుగు” అంది. అరగంట వెతికితే స్టెరిలైజర్ బల్ల కింద దొరికింది. దండాలు పెడతారని ఈ ఉద్యోగంలోకి వస్తే మూడు నెలల్లో ఏడుపొస్తుంది. సంచి తేలికైన ఆ క్షణం చాలు అనుకుంటే రా.

కాలేజీ సంగతి. బీఎస్సీ నాలుగేళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. స్తోమత ఉంటే బీఎస్సీయే చెయ్యి, పైచదువుకీ విదేశాలకీ దారి సులువు. బ్రోచర్‌లో బిల్డింగు బొమ్మ చూసి మాత్రం చేరొద్దు. సొంత ఆసుపత్రి ఉందా, వంద పడకలకు తగ్గకుండా ఉందా అని అడుగు. ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లైనా ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఏదైనా మామూలు రోజు ఉదయం పది గంటలకు చెప్పకుండా వెళ్లి వార్డులు చూడు. మంచాల మీద మనుషులున్నారా, ఉతికిన దుప్పట్లే ఉన్నాయా? బొమ్మ మీద ఇంజెక్షన్ నేర్చుకున్న పిల్ల మొదటి రోజు నిజం చెయ్యి పట్టుకుంటే ఎలా వణుకుతుందో నేను చాలాసార్లు చూశాను.

బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. రెండేళ్ల బాండ్ రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. జీతం 14 వేలు. నైట్‌లో 22 మంది పేషెంట్లకు నేనొక్కదాన్నే. జీతం పెంచమంటే ‘నర్సువి, సేవాభావం ఉండొద్దా’ అన్నారు. నాకే సిగ్గనిపించింది. – ఒక స్టాఫ్ నర్సు, హైదరాబాద్

సిగ్గు నీకెందుకు? ఆసుపత్రి కరెంటు బిల్లు సేవాభావంతో కడుతున్నారా? ఆక్సిజన్ సిలిండర్లవాడు సేవాభావంతో దింపి వెళ్తున్నాడా? ముప్ఫై ఆరేళ్లలో నేను ఎక్కువగా విన్న మాట ‘సేవ’, ఎక్కువగా ఒళ్లు మండిన మాటా అదే. మే 12న నర్సుల దినోత్సవమని కేకు కోసి, కొవ్వొత్తులు వెలిగించి, దీపధారిణి అని ఉపన్యాసం ఇస్తారు. మర్నాడు సెలవు అడిగితే మొహం మాడ్చుకుంటారు. సేవ నేను పేషెంటుకి చేస్తాను. యాజమాన్యానికి చేసేది ఉద్యోగం.

ఇప్పుడు లెక్కలు విను. సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో దాని సిఫారసులు వచ్చాయి. 50 పడకల లోపు చిన్న ఆసుపత్రైనా నెలకు 20 వేలకు తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలుంటే రాష్ట్ర ప్రభుత్వ నర్సు జీతం కంటే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. వంద దాటితే పది శాతం. రెండొందలు దాటితే సమానంగా ఇవ్వాలి. అది సిఫారసే, నేరుగా చట్టం కాదు, రాష్ట్రాలు అమలు చేయాలి. మీ యాజమాన్యం ధైర్యమంతా అక్కడే. అయినా ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. నలుగురు కలిసి వెళ్లి అడిగినప్పుడు ‘మా కష్టం చూడండి’ అనడం వేరు, ‘ఇదీ లెక్క’ అనడం వేరు.

నీ జీతానికి ఈఎస్ఐ వర్తించాలి, పరిమితి 21 వేలు. జీతం స్లిప్పులో కోత కనపడుతోందా, నంబరు ఇచ్చారా చూసుకో. జీతం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే ఒప్పుకోకు, బ్యాంకులో వెయ్యమను. ఒరిజినల్స్ కావాలని ముందు మర్యాదగా కాగితం మీద రాసి, దాని కాపీ మీద ‘ముట్టింది’ అని సంతకం తీసుకో. సంతకం పెట్టకపోతే రిజిస్టర్ పోస్టులో పంపు. ఆ రసీదు చేతిలో ఉంటే కార్మిక శాఖ ఆఫీసులోనూ, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లోనూ నీ మాటకు బలం ఉంటుంది. కోపంలో రాత్రికి రాత్రి మానేయకు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ వాళ్ల చేతిలో ఉంది, గల్ఫ్‌కైనా ఇంకెక్కడికైనా అది అడుగుతారు.

అన్నిటికంటే ముఖ్యం 22 మంది సంగతి. మామూలు వార్డులో ఐదుగురికి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు అని కౌన్సిల్ కొలత. అది ఎక్కడా జరగదు, నా సర్వీసులోనూ జరగలేదు. కానీ చార్జి తీసుకునేటప్పుడు రిపోర్టు బుక్కులో ‘పేషెంట్లు 22, సీరియస్ 3, స్టాఫ్ 1’ అని రాసి, టైము వేసి సంతకం పెట్టు. రోజూ రాయి. ఏదైనా జరిగిన రోజున అందరి వేలూ డ్యూటీ నర్సు వైపే తిరుగుతుంది. అప్పుడు నీ తరఫున మాట్లాడేది ఆ ఒక్క లైనే.

వాడిన సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. ఆ పేషెంటు రిపోర్టులు ఇంకా రాలేదు. చెప్తే నాదే అజాగ్రత్త అంటారని ఎవరికీ చెప్పలేదు. నిద్ర పట్టట్లేదు. – పేరు వద్దు

ఈ మెసేజ్ చూసిన రోజే ఫోన్ చేయించి ఆ అమ్మాయిని పంపించాల్సిన చోటికి పంపించాం. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదిది. ఇక్కడ రాస్తున్నది చెప్పుకోని మిగతావాళ్ల కోసం.

సూది గుచ్చుకున్న వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి. వేలు పిండి రక్తం తీయకండి, స్పిరిట్‌లో ముంచకండి. వెంటనే ఇన్‌చార్జికి చెప్పి రాయించండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. అవసరమనుకుంటే 28 రోజులు వాడాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. నిజానికి ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్ బీకి. హెచ్ఐవీ ఉన్న పేషెంటు సూది గుచ్చుకుంటే అది అంటుకునేది వెయ్యిలో ముగ్గురికి. టీకా వేయించుకోనివాళ్లకు హెపటైటిస్ బీ వందలో ముప్ఫై మంది దాకా. టీకా మూడు డోసులు: ఈ రోజు, నెలకు, ఆరో నెలకు. రెండు వేయించుకుని మూడోది మర్చిపోయేవాళ్లు ఎంతమందో. ఇది చదువుతున్న నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

మేం చేరిన కొత్తలో గాజు సిరంజీలు స్టెరిలైజర్‌లో మరగబెట్టి వాడేవాళ్లం. సూదులు మొద్దుబారితే రాతి మీద సానబట్టేవాళ్లం. అలాంటి కాలం దాటి వచ్చాక, 1997లో నాకూ గుచ్చుకుంది. ఆ పేషెంటుకి తర్వాత హెచ్ఐవీ పాజిటివ్ అని తేలింది. ఇప్పుడు ఇస్తున్న మందులు అప్పుడు మాకు అందుబాటులో లేవు. మొదట మూడో నెలలో, మళ్లీ ఆరో నెలలో పరీక్ష, అందాకా ఆగాలి. మా ఆయనకు చెప్పలేదు. మా చిన్నది నా పక్కలోనే పడుకునేది. ఆ చెయ్యి దానికి తగలకుండా మంచం పట్టె మీద పెట్టుకుని ఆర్నెల్లు పడుకున్నాను. అలా అంటుకోదని నాకు తెలుసు, నలుగురికి పాఠం చెప్పిన దాన్నే. రాత్రి పన్నెండు దాటాక తెలిసిందేదీ పనికిరాదు. పరీక్షలో ఏమీ లేదని వచ్చాక మా ఆయనకు చెప్తే, సూదికి కాదు, చెప్పనందుకు తిట్టారు.

వాడిన సూదికి మూత పెట్టకూడదు. ఎలా ఉన్నది అలాగే తెల్లడబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బా మంచం పక్కదాకా తెచ్చుకునే తీరిక లేకే మూత పెడతాం, నాకు తెలుసు. అందుకే అజాగ్రత్త అనే ముందు డబ్బా ఎక్కడ పెట్టారని ఇన్‌చార్జిలు తమను తాము అడగాలి.

నా భార్య పిల్లల ఐసీయూలో నర్సు. పోయిన నెల వాళ్ల వార్డులో నాలుగేళ్ల పాప చనిపోయింది. అప్పటినుంచి సరిగా తినదు, మాట్లాడదు. రాత్రి రెండుమూడుసార్లు లేచి మా బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ‘మీకిది మామూలేగా, అలవాటు చేసుకోవాలి’ అన్నాను. ఇంకా ముడుచుకుపోయింది. – ఒక భర్త, విజయవాడ

ముందు ఆ ‘అలవాటు’ మాట వెనక్కి తీసుకోండి బాబూ. ప్రేమతోనే అన్నారు, తెలుసు.

బిడ్డ పోయాక డాక్టరు వెళ్లి తల్లిదండ్రులకు చెప్తారు. నర్సుకి ఆ తర్వాత చాలా పని ఉంటుంది. ట్యూబులు తీయాలి, సూదులు తీసి పట్టీ వెయ్యాలి, ఒళ్లు తుడవాలి, కళ్లు మూయాలి, ఒంటి మీద వస్తువులు తీసి సంతకంతో అప్పజెప్పాలి. 1993లో ఒక చిన్నపిల్ల. మువ్వల పట్టీలు. అవి స్క్రూ బిగించినవి, ఎంతకీ రావు. మువ్వలు మోగకూడదని అరచేత్తో మూసి పట్టుకుని తిప్పుతున్నాను, బయట తల్లి వింటుందని. రిజిస్టర్‌లో ‘వెండి పట్టీలు, ఒక జత, తండ్రికి ఇవ్వడమైనది’ అని రాశాను. పక్క మంచం పిల్లాడికి పది గంటల ఇంజెక్షన్ అప్పటికే పావుగంట ఆలస్యమైంది. వెళ్లి వేశాను. వాడు ఏడిస్తే నవ్వించాను కూడా. నా ఏడుపు మధ్యాహ్నం రెండున్నరకు, దుప్పట్లు పెట్టే గదిలో.

మీ ఆవిడకు ఆ గది దొరికి ఉండదు. ఆ పాప పేరేమిటని అడగండి, చాలు. తను చెప్తుంటే మధ్యలో ధైర్యం చెప్పకండి. ఇంకోటి, రాత్రి తను లేవకముందే మీరు లేచి బాబుని చూసి, పక్కకొచ్చి ‘బాగానే పడుకున్నాడు’ అని చెప్పండి. నాలుగు రాత్రులు అలా చెయ్యండి, తను లేచే సార్లు తగ్గుతాయి. ఇంకో రెండు వారాలైనా తిండీ నిద్రా ఇలాగే ఉంటే సైకియాట్రిస్టుకి చూపించండి, ఆలోచించకండి. టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. మేం పేషెంట్లకు ఇచ్చే నంబర్లు మాకు ఎప్పుడూ గుర్తురావు.

మా అమ్మాయి నర్సింగ్ అయింది, జర్మనీ వెళ్తానంటోంది. ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. బంగారం తాకట్టు పెట్టమంటారా? – ఒక తల్లి, కరీంనగర్

పెట్టకండమ్మా. మన దేశంలో విదేశీ ఉద్యోగాల ఏజెంటుకి కేంద్రం లైసెన్సు ఉండాలి. సర్వీసు చార్జీగా 30 వేలు, పైన జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన. ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో మీ అమ్మాయినే చూడమనండి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, జర్మనీకి నర్సులను పంపిస్తోంది. ముందు అక్కడికి వెళ్లి కనుక్కోండి. ఆంధ్రవాళ్లకు ఓంక్యాప్.

డబ్బు కంటే భాష కష్టం. జర్మన్ బీ2 స్థాయి దాకా రావాలి, ఏడాదైనా కూర్చుని చదవాలి. నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి అక్కడుంది. జీతం, సెలవులు, డాక్టర్లతో సమానంగా కూర్చుని కాఫీ తాగడం, అన్నీ బాగున్నాయంది. మొదటి నెల మాత్రం ఫోన్‌లో ఏడ్చింది. మన దగ్గర ఒళ్లు తుడవడం, అన్నం పెట్టడం, బాత్రూముకి తీసుకెళ్లడం పేషెంటు తాలూకు మనుషులో ఆయాలో చేస్తారు. అక్కడ అదీ నర్సే చెయ్యాలి. ‘డిగ్రీ చదివి ఇదా మేడమ్’ అంది. ఇప్పుడు అక్కడి ముసలి పేషెంట్ల ఊరి యాసలో మాట్లాడుతోంది. మీ అమ్మాయికి ఈ సంగతి ముందే చెప్పండి, విన్నాక కూడా వెళ్తానంటే వెళ్లనివ్వండి.

నేను మగ నర్సింగ్ విద్యార్థిని. ఫ్రెండ్స్ ‘సిస్టర్’ అని ఏడిపిస్తున్నారు. మాకు ఉద్యోగాలుంటాయా? – శ్రీకాకుళం

ఉంటాయి నాయనా. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో నూటికి ఇరవై మగవాళ్లకే. మంగళగిరిలోనూ, బీబీనగర్‌లోనూ ఎయిమ్స్ ఉన్నాయి, నార్సెట్ పరీక్షకు ఇప్పటినుంచే చదువు. క్యాజువాలిటీ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్లలో మంచి బ్రదర్ దొరికితే వదులుకోరు. ఆడ పేషెంటు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక సిస్టర్‌నో ఆయానో పక్కన ఉంచుకో, అడగాల్సింది అడిగి ముట్టుకో. ఫ్రెండ్స్ సంగతా? వాళ్ల నాన్నకి ఆయాసం వచ్చిన రాత్రి మొదటి ఫోన్ నీకే వస్తుంది, చూస్తుండు.

నైట్ డ్యూటీలో మూడు గంటలకు కళ్లు మూతలు పడుతున్నాయి. టీ తాగినా లాభం లేదు. ఏం చేయమంటారు? – కొత్తగా చేరిన నర్సు, అనంతపురం

టీ పని చేసేది రెండింటిదాకానే. మూడు నుంచి నాలుగున్నర మధ్య నడుస్తూ ఉండు, కుర్చీ జోలికి పోకు. డ్యూటీకి వచ్చే ముందు మధ్యాహ్నం గంటన్నరైనా పడుకో, ఆ టైములో ఫోన్ చూడకు. మూడు, నాలుగున్నర మధ్య ఏ మందు తీసినా ఆంపుల్ (మందు గాజుబుడ్డి) మీద పేరు పైకి చదువు, మనసులో కాదు. పొరపాటున ఎక్కిస్తే గుండె ఆపేసే పొటాషియం క్లోరైడ్, ఉత్త నీళ్లైన డిస్టిల్డ్ వాటర్ పక్కపక్కన పెడితే నిద్రకళ్లకు రెండూ ఒకటే.

నేనలాగే ఒక రాత్రి మంచం పక్కన నిలబడి గట్టిగా పేరు, మోతాదు, గడువు తేదీ చదువుతున్నాను. పేషెంటు తాతగారు కళ్లు తెరిచి, “నాకు వినపడుద్దమ్మా, చెవుడు లేదు” అన్నారు. “మీక్కాదండీ, నాకు” అన్నాను.